ఇల్లలకగానే పండగ కాదు, బొమ్మకి రంగేయగానే పాఠం కాదు

పోయినేడు ఏప్రిల్లో మా అమ్మాయి బడి నుంచి ఒక కాగితం పట్టుకొచ్చింది. దాని మీద గుండ్రటి పళ్ళెం బొమ్మ, పళ్ళెంలో ఆరు గుంటలు, పక్కన నలుచదరంగా ఒక రొట్టె. వాటికి రంగులెయ్యాలి. కింద నాలుగు వాక్యాలు. వసంతంలో యూదులు పస్కా పండగ చేసుకుంటారు, మోషే వాళ్ళని ఐగుప్తు బానిసత్వం నుంచి విడిపించాడు, ఈ పండక్కి పొంగని రొట్టె తింటారు, అన్నం, పప్పు తినరు. అంతే, పాఠం అయిపోయింది.

రంగులు చక్కగానే వేసింది గానీ పిల్ల మొహం మాడ్చుకుని కూర్చుంది. ఏమైందే అంటే మెల్లిగా చెప్పింది. క్లాసులో దీని పక్కన కూర్చునే పిల్ల వాళ్ళు ఇరాన్ నుంచి వచ్చి ఇక్కడ న్యూజెర్సీలో స్థిరపడ్డ యూదులు. ఆ పిల్ల చెయ్యెత్తి, "మా ఇంట్లో పస్కాకి అన్నం ఉంటుంది, మా అమ్మమ్మ వండుతుంది" అందిట. టీచరు కాగితం వంక ఓసారి చూసి, "మీ ఇంట్లో అలా చేస్తారేమో గానీ, పద్ధతి ప్రకారం తినకూడదు" అందిట. ఆ పిల్ల ఇంక సాయంత్రందాకా నోరు విప్పలేదట. "అమ్మా, వాళ్ళ అమ్మమ్మ పండగ తప్పుగా చేస్తోందా?" అని అడిగింది మా అమ్మాయి.

ఒళ్ళు మండిపోయింది నాకు. ఎందుకంటే అంతకు ముందు అక్టోబరులో ఇదే మా పిల్లకి జరిగింది. దీపావళి అంటే రాముడు అయోధ్యకి తిరిగొచ్చిన రోజని కాగితంలో ఉంది. మా ఇంట్లో సత్యభామ నరకాసురుణ్ణి చంపిన కథ చెప్తారని ఇది అంటే, కాగితంలో అలా లేదన్నారు. అప్పుడు నేను ఊరుకున్నాను. పోనీలే, పండగ పేరైనా ఎత్తారు కదా అని సరిపెట్టుకున్నాను. ఆ ఊరుకోవడమే తప్పని ఇప్పుడు తెలిసొచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను.

పిల్లలకి ప్రపంచంలో ఉన్న పండగలన్నీ చెప్పాల్సిందే. దానికి నేను వ్యతిరేకం కాదు. ఒక జాతి పండగనంతా ఒక పళ్ళెం బొమ్మకి కుదించేసి, ఆ బొమ్మలో ఇమడని ఇంటిని తప్పుపట్టే చదువుకి వ్యతిరేకం. అలా చెప్పేకంటే చెప్పకపోవడమే నయం. చెప్పకపోతే పిల్లకి తెలియదంతే. ఇలా చెప్తే తెలిసిపోయిందనుకుంటుంది.

ముందు ఆ అన్నం సంగతే చూడండి. పస్కాలో నిషిద్ధమైనదాన్ని హమెత్స్ అంటారు. గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్ అనే ఐదు ధాన్యాల పిండి తడిసి పులిస్తే అది హమెత్స్. బియ్యానికి దాంతో సంబంధం లేదు. అయితే మధ్యయుగాల్లో యూరప్‌లో ఉన్న అష్కెనాజీ యూదులు, బస్తాల్లో గోధుమలు కలిసిపోతాయేమో, పిండి చూసి జనం పొరబడతారేమో అన్న జాగ్రత్తతో బియ్యం, పప్పులు, నువ్వుల్లాంటివన్నీ కూడా మానేశారు. వీటిని కిత్నియోత్ అంటారు. స్పెయిన్ మూలాలున్న సెఫార్డీలు, ఇరాన్, ఇరాక్ వైపు యూదుల్లో చాలామంది ఆ నియమం పెట్టుకోలేదు. వాళ్ళకి పండగ పూట అన్నం ఉండాల్సిందే. అమెరికాలో కన్సర్వేటివ్ శాఖ వాళ్ళ ధర్మ నిర్ణయ సంఘమే 2015 డిసెంబరులో అష్కెనాజీలు కూడా కిత్నియోత్ తినొచ్చంది. అయినా మా అమ్మ తినలేదు, నేనెలా తింటానని మానేసేవాళ్ళు ఎంతమందో. ఆ మాట మనకి బాగా అర్థమవుతుంది కదూ! లెక్క ప్రకారం మన ఇడ్లీ పిండి రాత్రంతా పులిసినా హమెత్స్ కాదు. అష్కెనాజీ ఇంట్లో మాత్రం అందులో వేసే బియ్యం, మినుములు రెండూ పనికిరావు. ఇంత చరిత్ర ఉన్న చోట "అన్నం తినరు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే, సగం అమ్మమ్మల వంటిళ్ళు తప్పయిపోవూ?

మరి అన్ని ఇళ్ళకీ ఒక్కటే అయినది ఏమిటంటే మట్సా, అంటే పొంగని రొట్టె. ఏ ధాన్యం పులిస్తే నిషిద్ధమో ఆ ధాన్యంతోనే మట్సా చెయ్యాలి. పిండిలో నీళ్ళు పడ్డప్పటి నుంచి పద్దెనిమిది నిమిషాల్లోపు కాల్చెయ్యాలి. ఐగుప్తు నుంచి పారిపోయేటప్పుడు పిండి పులిసేదాకా ఆగే వ్యవధి లేకపోయిందన్న జ్ఞాపకం అది. సరే, ఇందులోనైనా అందరూ ఒకటేనా? కాదు. బజార్లో డబ్బాల్లో దొరికే, విరిస్తే ఫటుక్కున విరిగే నలుచదరపు మట్సా యంత్రాలొచ్చాక పుట్టింది. చేత్తో చేసేది గుండ్రంగానే ఉంటుంది. యెమెన్ యూదులు మన పుల్కాలా మెత్తగా చేసుకునేవారు. ఎన్ని రోజుల పండగన్నదాంట్లోనూ తేడాయే. ఇజ్రాయెల్లో ఏడు రోజులు, బయట దేశాల్లో సంప్రదాయం పాటించేవాళ్ళకి ఎనిమిది.

పండగ మొదటి రాత్రి ఇంట్లో వాళ్ళంతా బల్ల చుట్టూ చేరి, హగ్గదా అనే పుస్తకం చదువుతూ, మధ్యమధ్య తింటూ తాగుతూ నడిపే కార్యక్రమాన్ని సేదర్ అంటారు. పుస్తకం ఇంచుమించు ఒకటే. ఇల్లు మారితే ఆ రాత్రే మారిపోతుంది. ఇరాన్, అఫ్ఘనిస్తాన్ యూదుల ఇళ్ళల్లో దయేనూ అనే పాట వచ్చేసరికి ఉల్లికాడలు తీసుకుని ఒకళ్ళనొకళ్ళు కొట్టుకుంటారు. ఐగుప్తులో కాపలాదారులు కొట్టిన కొరడా దెబ్బలకి గుర్తట. మనవడు తాతని కొట్టొచ్చు, కోడలు అత్తగారిని కొట్టొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు! ఇరాక్ యూదుల ఇళ్ళల్లో ఒక పిల్లాడు మట్సాని గుడ్డలో మూటగట్టి భుజానేసుకుని వస్తాడు. ఎక్కణ్ణుంచి వస్తున్నావంటే ఐగుప్తు నుంచని, ఎక్కడికి పోతున్నావంటే యెరూషలేముకని చెప్తాడు. మొరాకో వాళ్ళు సేదర్ పళ్ళేన్ని అందరి తలల మీదా తిప్పుతూ పాడతారు. ఇథియోపియా యూదుల్లో తరతరాలుగా హగ్గదాయే లేదు. గీజ్ భాషలో ఉన్న వాళ్ళ గ్రంథం నుంచి నిర్గమ కథ చదివేవారు, గొర్రెపిల్లని బలిచ్చేవారు.

మన దేశంలోనూ ఈ పండగ ఉంది. కొచ్చిలో యూదులు వందల ఏళ్ళు బతికారు. 1568లో కట్టిన పరదేశి ప్రార్థనాలయం ఇప్పటికీ ఉంది. ఆ ఆడవాళ్ళ పస్కా మడి ముందు మన అమ్మమ్మల మడి ఏ మూలకీ చాలదు. డిసెంబరులో హనుక్కా పండగ అవగానే పస్కా పని మొదలు, అంటే సుమారు వంద రోజులన్నమాట. ఇళ్ళకి రంగులు, నూతులు తోడించి కడిగించడం, బియ్యం గింజ గింజా ఏరి పగుళ్ళున్నది తీసెయ్యడం. ఈ పనిలో ఇల్లాలు ఏ చిన్న తప్పు చేసినా భర్తకీ పిల్లలకీ ప్రాణగండమని నమ్మేవారట! 1950ల్లో వాళ్ళల్లో చాలామంది ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. కొంకణ తీరంలో మరాఠీ మాట్లాడే బెనే ఇజ్రాయెల్ వాళ్ళున్నారు. కేరళ సిరియన్ క్రైస్తవులైతే ఈస్టర్ ముందు గురువారం రాత్రి బియ్యప్పిండి, మినప్పిండి కలిపి, పులియబెట్టకుండా పెసహా అప్పం చేసుకుంటారు. వాళ్ళు యూదులు కాకపోయినా పండగ పేరు మాత్రం ఆ అప్పంలో నిలిచిపోయింది.

ఇంకాస్త దగ్గరికి రండి. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారని మీలో ఎంతమందికి తెలుసు? బెనే ఎఫ్రాయిమ్ అంటారు. తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిము సంతతివాళ్ళమని చెప్పుకునే కొన్ని పదుల దళిత కుటుంబాలు. 1991లో ప్రార్థనాలయం పెట్టుకున్నారు. వాళ్ళ మీద 2013లో పరిశోధన గ్రంథమే వచ్చింది. ఇజ్రాయెల్ ప్రభుత్వం వాళ్ళని యూదులుగా ఇంకా గుర్తించలేదు. అయినా పస్కా చేసుకుంటున్నారు. నేను పుట్టి పెరిగింది తెనాలిలో. చేబ్రోలు మీదుగా గుంటూరు బస్సులో ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. ఈ సంగతి నాకు అమెరికా వచ్చాక తెలిసింది. టీచర్ని ఒక్కదాన్నే అని ఏం లాభం?

సరే, ఇప్పుడు ఆ కాగితంలో ఉన్న రెండో తప్పు. ఈ పండగని తిండి పండగ చేసేశారు. నిజానికిది ప్రశ్నల పండగ. సేదర్ మొదలైన కాసేపటికి ఇంట్లో అందరికంటే చిన్న పిల్లో పిల్లాడో లేచి, మిగతా రాత్రులకీ ఈ రాత్రికీ తేడా ఏమిటని పాటలో అడగాలి. రొట్టె ఎందుకు పొంగలేదు, చేదు ఆకులెందుకు, రెండుసార్లు ముంచుకు తినడమెందుకు, దిండుకి ఆనుకుని కూర్చోవడమెందుకు. పిల్లలు లేని ఇంట్లో భార్య అడగాలి. ఒంటరివాడైతే తనని తనే అడుక్కోవాలి. ఇద్దరు మహా పండితులే కూర్చున్నా సరే, ఒకరినొకరు అడగకుండా ముందుకు పోకూడదని తాల్ముద్ చెప్తుంది. పిల్లలు నిద్రపోకుండా ఉండడానికే మట్సాలో ఒక ముక్క దాచిపెడతారు. దాన్ని అఫికోమన్ అంటారు. అది దొరికి అందరూ తింటే గానీ భోజనం పూర్తయినట్టు కాదు కాబట్టి, పట్టుకున్న పిల్లలు బేరమాడి బహుమతి పుచ్చుకుంటారు.

హగ్గదాలో నలుగురు పిల్లల ప్రస్తావన వస్తుంది. తెలివైనవాడు, పెడసరంగా మాట్లాడేవాడు, అమాయకుడు, అసలు అడగడమే చేతకానివాడు. పెడసరపువాడిక్కూడా ఆ బల్ల దగ్గర చోటుంది చూడండి. గట్టిగా సమాధానం చెప్తారు గానీ లేచి పొమ్మనరు. అడగడం చేతకానివాడికైతే పెద్దవాళ్ళే మాట కదిపి కథ మొదలుపెట్టాలి. అంత జాగ్రత్తగా కట్టిన రాత్రిని తీసుకొచ్చి, ప్రశ్న రాయడానికి ఒక్క గీత కూడా లేని కాగితంలో పెట్టారు. పైగా ప్రశ్న అడిగిన పిల్ల నోరు మూయించారు! పస్కా పాఠంలో అంతకంటే పెద్ద తప్పు ఏముంటుంది?

ఇంకోటి. కాగితం నిండా మోషేయే. ఆయన నిర్గమకాండానికి నాయకుడు, కాదనను. కానీ సేదర్‌లో చదివే హగ్గదాలో ఆయన పేరు దాదాపు కనపడదు. విడిపించినది మనిషి కాదు, దేవుడు అన్నది అక్కడ ముఖ్యమని వివరిస్తారు. కథలో వీరుణ్ణి వెతికి పట్టుకుని జెండా ఇవ్వడం మనకి అలవాటు. వాళ్ళు ఆ రాత్రి చేసేది అది కాదు. ఐగుప్తు నుంచి బయటపడింది ఎవరో పాతకాలపు వాళ్ళు కాదు, తానే అనుకోవాలి ప్రతివాళ్ళూ.

బజార్లో పది తెగుళ్ళ బొమ్మల సంచీలు కూడా అమ్ముతున్నారు. ప్లాస్టిక్ కప్పలు, మిడతలు. యూదుల ఇళ్ళల్లోనూ పిల్లల కోసం కొంటారు, వాళ్ళ పండగ, వాళ్ళిష్టం. బడిలో మాత్రం ఆ కప్పలు పంచి ఊరుకుంటే సగం పాఠం పోతుంది. సేదర్‌లో ఒక్కో తెగులు పేరు చదివినప్పుడల్లా గ్లాసులోంచి ఒక్కో చుక్క ద్రాక్షసారా తీసి పళ్ళెంలో వేస్తారు. శత్రువులే అయినా వాళ్ళ ప్రాణాలు పోయాయి కాబట్టి మన సంతోషం అంత మేరకి తగ్గాలని దానికి చెప్పే అర్థం. నేను చూసిన సేదర్‌లో ఒక అయిదేళ్ళ పిల్లాడు పది చుక్కలూ తీసి, పళ్ళెం వంక కాసేపు చూసి, "ఫరో కూతురికి కూడా దెబ్బ తగిలిందా?" అని అడిగాడు. బల్ల దగ్గర పెద్దవాళ్ళెవరూ వెంటనే జవాబు చెప్పలేకపోయారు. ఏ కాగితం నేర్పుతుంది ఆ ప్రశ్నని?

నేను సేదర్‌కి వెళ్ళిందెలాగో చెప్పాలి మరి. మా ఎదురింటావిడ యూదు, అష్కెనాజీ, మా అమ్మ వయసుంటుంది. ఈ ఊరొచ్చిన కొత్తలో, ఉగాదైన రెండు వారాలకి, పెళ్ళిరోజని మళ్ళీ బొబ్బట్లు చేసి ఆవిడకి పట్టుకెళ్ళాను. తలుపు తీసి చూసి నవ్వింది. లోపలికి మాత్రం తీసుకోలేదు. అప్పటికి ఆవిడ మూడు వారాలుగా ఇల్లు కడుగుతోంది. మేజా బల్ల సొరుగులు, కారు సీట్ల సందులు, మనవడి కోటు జేబులు, ఎక్కడా బిస్కెట్ నలుసు ఉండకూడదు. ఆ ముందు రాత్రి దీపం పట్టుకుని, ఈకతో ఊడ్చి, ఇల్లంతా గాలించి, దొరికిన ముక్కలు పొద్దున్నే తగలబెట్టారు. అలాంటి గుమ్మంలోకి నేను మైదాపిండి బొబ్బట్లతో దిగాను! పారెయ్యలేని హమెత్స్‌ని వేరే మతం వాళ్ళకి అమ్మేసినట్టు కాగితం రాసుకుంటారని, ఇజ్రాయెల్ ప్రభుత్వం కూడా తన నిల్వల్ని అలాగే ఒక అరబ్ పౌరుడికి అమ్ముతూ వచ్చిందని ఆవిడే చెప్పింది. మర్నాడు రాత్రి మమ్మల్ని భోజనానికి పిలిచింది.

ఆ ఇంటికి వెళ్ళాక నాకు అన్నిటికంటే గట్టిగా తగిలింది ఆవిడ చేతులు. సబ్బు నీళ్ళకి పగిలి ఎర్రగా ఉన్నాయి. స్వాతంత్య్రం గురించి బల్ల దగ్గర గంటలు గంటలు మాట్లాడుకుంటున్నారు, ఆవిడ మాత్రం వంటింట్లోకీ బయటికీ తిరుగుతోంది. ఇల్లలకగానే పండగ కాదని మన సామెత. ఇల్లలికేది ఎవరో మాత్రం ఆ సామెతా చెప్పదు, బడి కాగితమూ చెప్పదు. యూదు కుటుంబాలు పండగ ఎలా చేసుకుంటాయో పిల్లలకి చెప్పాలంటే, ఆ పని ఎవరి వీపు మీద నడుస్తుందో కూడా చెప్పాలి. మన పండగలకీ అంతే అనుకోండి.

ఈ మాట నా ఒక్కదానికే తోచిందనుకున్నాను. కాదట. 1976లో న్యూయార్క్‌లో రచయిత్రి ఎస్తర్ బ్రోనర్, ఇంకొందరు ఆడవాళ్ళు కలిసి ఆడవాళ్ళ సేదర్ జరుపుకున్నారు. మగపిల్లల్ని చంపమని ఫరో ఆజ్ఞాపిస్తే వినని మంత్రసానులు షిఫ్రా, పూయా, తమ్ముడి బుట్ట వెంట ఏటి గట్టున నడిచిన మిర్యాము, నీళ్ళల్లోంచి ఆ బిడ్డని తీసిన ఫరో కూతురు, వీళ్ళు లేకపోతే మోషే ఎక్కడ? ఆ తరంలోని పుణ్యవతుల వల్లే విడుదల దొరికిందని తాల్ముద్‌లోనే ఉంది. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో ఏలీయా ప్రవక్త గ్లాసు పక్కన మిర్యాము పేరిట నీళ్ళ గ్లాసు కూడా పెడుతున్నారు.

కొన్ని పళ్ళేల్లో నారింజపండు కూడా ఉంటుంది. దాని కథ ఇలా ప్రచారంలో ఉంది. ఒక మగాడు లేచి, ప్రార్థనాలయం వేదిక మీద ఆడదానికి చోటు సేదర్ పళ్ళెంలో నారింజకి ఉన్నంత అన్నాడని, దానికి జవాబుగా ఆడవాళ్ళు నారింజ పెట్టారని. అది కల్పన. 1980ల్లో ఆ పండు పెట్టింది సుసన్నా హెషెల్ అనే పండితురాలు. యూదు సమాజం పక్కకి నెట్టేసిన స్వలింగ ప్రేమికుల కోసం, ఇంకా అలా అంచున మిగిలిపోయిన వాళ్ళ కోసం పెట్టింది. ఆవిడ ఆలోచన తీసుకెళ్ళి ఎవరో పేరులేని మగాడి నోట్లో పెట్టేశారు, ఆవిడ ఉద్దేశాన్ని మాయం చేశారు. ఎక్కడో విన్నట్టు లేదూ?

ఇదంతా చెప్తే నాకు ఎదురయ్యే మాటలు మూడు.

మొదటిది, మన పండగలే మన పిల్లలకి తెలియవు, వాళ్ళవి మనకెందుకూ అని. మా పెద్దాడబిడ్డ గారి మాట ఇది. నేను చెప్పేది, ఎదుటివాళ్ళ పండగ సరిగ్గా తెలుసుకున్న పిల్లే తన పండగ గురించి సరైన ప్రశ్న వేస్తుంది. సేదర్ నుంచి వచ్చాక మా అమ్మాయి ఉగాది పచ్చట్లో వేపపువ్వు ఎందుకని మొదటిసారి అడిగింది. అయితే ఇక్కడో జాగ్రత్త. వాళ్ళ మారోర్, అంటే ఆ చేదు ఆకు, మన వేపపువ్వులాంటిదే అని పోలిక చెప్పి ఆపెయ్యకండి. ఉగాదికీ పస్కాకీ మధ్య మామూలుగా రెండు వారాలే తేడా, రెండు చోట్లా చేదు ఉంది, పోలిక నోటిదాకా వస్తుంది. కానీ మన చేదు జీవితంలో ఒక రుచి, ఏడాదంతా వచ్చేది తీసుకోమని చెప్పేది. వాళ్ళ చేదు బానిసత్వం, తీసుకోవద్దని చెప్పేది. పోలిక గుమ్మందాకా తీసుకెళ్తుంది, లోపలికి మనమే నడవాలి.

రెండోది, పస్కా మాకు తెలుసండీ, బైబిల్లో ఉంది కదా అని మన క్రైస్తవ స్నేహితులంటారు. తెలుగులో ఆ పేరు మనకిచ్చింది బైబిలే, నిజమే. కానీ యేసు కడరాత్రి భోజనంతో ఆ పండగ ఆగిపోలేదు. 1350 ప్రాంతంలో స్పెయిన్‌లో బొమ్మలతో రాసిన ఒక హగ్గదా చేతులు మారి మారి సారయేవో చేరింది. దాని పేజీల మీద ద్రాక్షసారా మరకలు ఇప్పటికీ ఉన్నాయి, అంటే ఎవరి ఇంట్లోనో బల్ల మీద వాడిన పుస్తకమే. నాజీలు వచ్చినప్పుడు దాన్ని దాచి కాపాడింది దెర్విష్ కోర్కుత్ అనే ముస్లిం గ్రంథపాలకుడు. వార్సా ఘెట్టోలో మిగిలిన యూదులు 1943 ఏప్రిల్ 19న నాజీల మీద తిరగబడ్డారు. ఆ సాయంత్రమే పస్కా. బైబిల్లో చదివేశాం అనుకుంటే ఇదంతా ఎవరు చెప్తారు పిల్లలకి?

మూడోది అన్నిటికంటే కష్టమైనది. వార్తల్లో గాజా, బాంబులు, చనిపోయిన పసిపిల్లలు కనిపిస్తుంటే యూదుల పండగ గురించి చెప్పడమంటే ఒక పక్షం వహించడమే కదా అంటారు. దీనికి విరుద్ధంగా మన వాట్సాప్ గ్రూపుల్లో ఇంకో సరుకు తిరుగుతూ ఉంటుంది. యూదు తల్లులు కడుపుతో ఉన్నప్పుడు లెక్కలు చేస్తారట, అందుకే పిల్లలకి నోబెల్ బహుమతులట! ఒకరు దేశం చేసినదంతా ఎదురింటి ముసలావిడ నెత్తిన పెడతారు, ఇంకొకరు ఆవిణ్ణి మేధావుల్ని కనే యంత్రం చేస్తారు. ఇద్దరికీ ఆవిడ పగిలిన చేతులు కనపడవు. ఆవిడ బల్ల దగ్గర ఆ రాత్రి యుద్ధం గురించి కొడుకూ అల్లుడూ గొంతులు పెంచి వాదించుకున్నారు. స్వాతంత్య్రం ఎవరికి అన్న వాదన ఆ పండగలో కొత్త కాదు. 1969 ఏప్రిల్ 4న, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగి సరిగ్గా ఏడాదికి, వాషింగ్టన్‌లో ఒక చర్చిలో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి వందల మంది స్వేచ్ఛా సేదర్ చేసుకున్నారు. పిల్లలకి ఆ వాదన కూడా చూపించండి. ఒక ఇల్లు ఒక ప్రభుత్వం కాదని వాళ్ళకి అర్థం కావడానికి అంతకంటే మంచి పాఠం లేదు.

మరైతే ఏం చెయ్యాలంటారా? పెద్ద ఖర్చేమీ లేదు. "యూదులు ఇలా చేస్తారు" అనకుండా "కొన్ని ఇళ్ళల్లో ఇలా, కొన్ని ఇళ్ళల్లో అలా" అనండి. ఆ ఒక్క మాట మార్చి ఉంటే ఆ ఇరాన్ పిల్ల ఆ రోజు నోరు మూసుకునేది కాదు. సేదర్ నాటకం ఆడించకండి. అది పూజ, ప్రదర్శన కాదు. మన సత్యనారాయణ వ్రతం ఎవరో వేషాలేసుకుని ఆడితే మనకెలా ఉంటుంది? పిలిస్తే వెళ్ళండి. పువ్వులు పట్టుకెళ్ళండి, పిండివంటలు వద్దు, నేను పడ్డ సిగ్గు మీరు పడొద్దు. క్లాసులో ఆ ఇంటి పిల్ల ఉంటే, దాన్ని లేపి తమ జాతి మొత్తానికి జవాబు చెప్పమని నిలబెట్టకండి. చెప్పాలనుకుంటే మాత్రం విని, కాగితం పక్కన పెట్టండి.

నేను ఈసారి ఊరుకోలేదు. బడికి వెళ్ళి టీచరుతో మాట్లాడాను. చెడ్డమనిషి కాదు, ఇచ్చిన కాగితం పంచిందంతే. అన్నం సంగతి చెప్తే, "ఇంత ఉందని నాకు తెలియదు" అంది నిజాయితీగా. కాగితం ఈ ఏడు మారుతుందో లేదో చూడాలి. ఆ పనిలో పనిగా దీపావళి కాగితం కూడా తీయించాను లెండి.

మొరాకో యూదులకి పస్కా ముగిసిన రాత్రి మిమూనా అని ఒక పండగ ఉంది. ఎనిమిది రోజులు ఇంట్లో పిండి లేకుండా చేసుకున్న వాళ్ళకి ఆ రాత్రి ముస్లిం ఇరుగుపొరుగు వాళ్ళు పిండి, పాలు, తేనె తెచ్చిచ్చేవారట, వాటితో ముఫ్లెతా అనే పల్చటి అట్లు పోసుకునేవారట. మా ఎదురింటావిడది మొరాకో కాదు, ఆవిడకి మిమూనా అలవాటూ లేదు. అయినా ఇప్పుడు నేను రోజులు లెక్కపెట్టుకుని, తొమ్మిదో రోజున బొబ్బట్లు పట్టుకెళ్తున్నాను. ఆ రోజు గుమ్మంలోనే ఒకటి నోట్లో వేసుకుంటుంది.